కుండీ చెట్టుకు మట్టి ఎంపిక: లోతు, పలుకు, నీటి లెక్క

కడియం నర్సరీల నుంచి వచ్చే జువ్వి మొక్క పాలిథిన్ సంచిని చించి చూస్తే, వేర్ల చుట్టూ గోదావరి ఒండ్రు మట్టి ముద్దలా బిగుసుకుని ఉంటుంది. మొక్క ఆ మట్టిలోనే నిగనిగలాడుతూ పెరిగింది, లారీలో వందల కిలోమీటర్లు ప్రయాణించినా వాడిపోకుండా వచ్చింది. అదే మొక్కను అదే మట్టితో అయిదు సెంటీమీటర్ల లోతున్న బోన్సాయ్ పళ్లెంలోకి మార్చితే, తొలి వానాకాలం గడవకముందే ఆకులు పసుపుబారి రాలడం, తవ్వి చూస్తే వేర్లు నల్లబడి కుళ్లు వాసన కొట్టడం తరచుగా జరుగుతుంది. ఇక్కడ మారింది మట్టి కాదు, మట్టి లోతు. కుండీ మట్టి గురించిన చర్చ సాధారణంగా ఎర్రమట్టి ఎన్ని పాళ్లు, ఇసుక ఎన్ని పాళ్లు, ఎరువు ఎన్ని పాళ్లు అన్న దినుసుల జాబితాగానే సాగుతుంది. ఆ జాబితా కంటే ముందు తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది: ఈ లోతు కుండీలో, రోజుకు ఇన్నిసార్లు మాత్రమే నీరు పోయగలిగిన ఈ ఇంట్లో, పోసిన నీరు దిగిపోయిన తరువాత వేర్లకు ఎంత గాలి మిగలాలి?

వేరుకు గాలి అవసరమన్నది వినడానికి వింతగా ఉన్నా, మొక్క శరీరధర్మంలో అది మొదటి పాఠాలలో ఒకటి. వేరు కణాలు శ్వాసిస్తాయి, ఆ శ్వాసకు ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో వ్యాపించే వేగం దాదాపు పది వేల రెట్లు తక్కువ. కాబట్టి మట్టి పలుకుల (రేణువుల) మధ్య సందులన్నీ నీటితో నిండి ఉన్నంతసేపు వేరు ఊపిరాడని స్థితిలోనే ఉంటుంది. నీళ్లలో నిలబడ్డ మొక్క ఆకులు ఎండకు వాడినట్టే వాడిపోవడానికి కారణం ఇదే. ఊపిరాడని వేరు నీటిని పీల్చలేదు. చూసేవారు దాహమనుకుని ఇంకాస్త నీరు పోస్తారు. కుండీ చెట్లు నీళ్లు చాలక చనిపోయిన సందర్భాలకన్నా ఇలా చనిపోయిన సందర్భాలే ఎక్కువంటే అతిశయోక్తి కాదు.

అడుగున చిల్లు ఉంది కదా, నీరు ఎందుకు నిలుస్తుందన్న ప్రశ్నకు వంటింటి స్పాంజి ముక్క చక్కగా సమాధానం చెబుతుంది. దాన్ని నీళ్లలో ముంచి తీసి, వెడల్పు వైపు కిందికి ఉండేలా అరచేతుల మధ్య పట్టుకుంటే కాసేపు నీరు కారి ఆగిపోతుంది. ఇక కారదు అనుకున్నాక, పిండకుండా, అదే స్పాంజిని నిలువుగా తిప్పి పట్టుకుంటే మళ్లీ ధారగా నీరు వస్తుంది. స్పాంజి అడుగున కొంత ఎత్తు వరకు నీటిని కేశనాళిక శక్తి పట్టి ఉంచుతుంది, ఆ ఎత్తు స్పాంజి సందుల పరిమాణాన్ని బట్టి స్థిరంగా ఉంటుంది. పడుకోబెట్టినప్పుడు ఆ తడి పొర స్పాంజి మందంలో చాలా భాగాన్ని ఆక్రమిస్తుంది, నిలబెట్టినప్పుడు అడుగున కొంత మేరకే పరిమితమవుతుంది. కుండీలోని మట్టి కూడా ఇంతే. చిల్లులు ఎన్ని ఉన్నా, ఎంత పెద్దవైనా, అడుగు నుంచి కొంత ఎత్తు వరకు మట్టి తడిసి ముద్దై ఉంటుంది, ఆ నీరు తనంతట తాను దిగదు.

ఈ ఎత్తును నిర్ణయించేది కుండీ లోతు కాదు, పలుకుల మధ్య సందుల వెడల్పు. ఒక మిల్లీమీటరు వ్యాసం ఉన్న సన్న గొట్టంలో నీరు సుమారు 3 సెంటీమీటర్లు పైకి ఎగబాకుతుంది, మిల్లీమీటరులో పదో వంతు వ్యాసం ఉన్న గొట్టంలో సుమారు 30 సెంటీమీటర్లు ఎగబాకుతుంది. మెత్తని మట్టిలో సందులు రెండో రకానికి, జల్లించిన ముతక పలుకుల్లో మొదటి రకానికి దగ్గరగా ఉంటాయి. ఒక మిశ్రమంలో తడి పొర 4 సెంటీమీటర్లు నిలుస్తుందనుకుంటే, 30 సెంటీమీటర్ల లోతున్న నిమ్మ చెట్టు కుండీలో అది మొత్తం లోతులో ఏడో వంతు కన్నా తక్కువ, వేర్లు దానిపైన హాయిగా బతుకుతాయి. అదే మిశ్రమం 5 సెంటీమీటర్ల పళ్లెంలో ఉంటే అయిదింట నాలుగు వంతులు ముద్దగానే ఉంటుంది. వామన వృక్షాలకు పలుకు పలుకుగా, మట్టి అనిపించుకోని మట్టిని వాడడం వెనక ఉన్న కారణం ఇదే. తోట మట్టి పెద్ద కుండీలో ఒక మోస్తరుగా నెగ్గుకొచ్చి, పళ్లెంలో విఫలం కావడానికీ కారణం ఇదే.

మురుగు బాగా పోతుందని కుండీ అడుగున కంకర పొర పరచడం తాతల నాటి నుంచీ ఉన్న అలవాటు. అది ఉపయోగపడకపోగా కీడు చేస్తుంది. మెత్తని మట్టి సన్న సందులు పట్టుకున్న నీటిని కంకర పెద్ద సందులు లాక్కోలేవు. పై మట్టి పూర్తిగా నానిపోయేదాకా నీటి చుక్క కంకరలోకి దిగదు. ఫలితంగా తడి పొర కుండీ అడుగున కాక కంకర పైన, అంటే వేర్లకు మరింత దగ్గరగా, మొదలవుతుంది. కంకర తిన్న లోతు కూడా నష్టమే. చిల్లు మీద ఒక కుండపెంకు ముక్కో, దోమతెర ముక్కో పెట్టడం వేరే సంగతి. అది మట్టి జారకుండా ఆపుతుంది, అంతకు మించి దాని నుంచి ఆశించకూడదు.

పలుకుల పరిమాణం ఎంత ముఖ్యమో, అవి ఒకే రకంగా ఉండడం అంత ముఖ్యం. ఒక గ్లాసు నిండా శనగలు పోసి, వాటిపై పావు గ్లాసు ఆవాలు పోసి కుదిపితే ఆవాలు శనగల సందుల్లోకి దూరిపోతాయి. రెండూ కలిసి గ్లాసును మించి పెద్దగా పొంగవు. శనగల మధ్య ఉండవలసిన గాలి చోటంతా ఆవాలు ఆక్రమించాయన్నమాట. ముతక ఇటుక పలుకుల్లో సన్న ఇసుక కలిపినా, కంకర చిప్స్‌లో వర్మీ కంపోస్టు దండిగా కలిపినా జరిగేది ఇదే. అందుకే బోన్సాయ్ పెంచేవారు రెండు జల్లెళ్లు వాడతారు. పైజల్లెడ 6 మిల్లీమీటర్ల కన్నా పెద్దవాటిని ఆపుతుంది, కిందిజల్లెడ 2 లేదా 3 మిల్లీమీటర్ల కన్నా చిన్నవాటిని వదిలేస్తుంది, మధ్యలో మిగిలినదే పళ్లెంలోకి వెళుతుంది. మరీ చిన్న కుండీలకు 2–4 మిల్లీమీటర్ల పలుకులు, పెద్ద చెట్లకు 5–8 మిల్లీమీటర్ల పలుకులు అన్న సవరణ తరువాతి సంగతి. నుసిని పారేయకపోతే జల్లించిన శ్రమ మొత్తం వృథా. కొత్త దినుసులు ఏవైనా కొనేముందు జల్లెడ కొనడం మేలు.

బంకమట్టిలో ఇసుక కలిపితే గుల్లబారుతుందన్న నమ్మకం కూడా ఇదే లెక్కతో వీగిపోతుంది. ఇసుక రేణువులు ఒకదానికొకటి తగిలి నిలబడేంత ఎక్కువ పాళ్లలో ఉంటే తప్ప వాటి మధ్య ఖాళీ ఏర్పడదు. అంతకు తక్కువగా ఉంటే బంకమట్టిలో అవి ఎండుద్రాక్షల్లా చిక్కుకుని ఉండిపోతాయి, ఆరాక ఆ ముద్ద పచ్చి ఇటుకలా గట్టిపడుతుంది. నల్లరేగడి విషయంలో ఇది మరీ నిజం. దానిలోని బంక ఖనిజం నీరు తాగి ఉబ్బి, ఆరినప్పుడు నెర్రెలు విచ్చుతుంది. కుండీలో ఆ నెర్రె గోడ పక్కన పడితే పోసిన నీరంతా ఆ దారిన జారి చిల్లు గుండా బయటికి పోతుంది, మధ్యలో వేర్లు పొడిగానే మిగులుతాయి. ఎర్రమట్టి అంతగా ఉబ్బదు గానీ, పది పదిహేను తడులకే దాని గుల్లదనం కూలి పైన చెక్కు కడుతుంది. పొలంలో ఇదే మట్టి బంగారం పండించడానికి కారణం అక్కడ దాని కింద మీటర్ల కొద్దీ లోతు ఉండడం, వానపాములు, చెదలు, చచ్చిన వేర్ల బొరియలు గాలికి దారులు తెరిచి ఉంచడం. కుండీకి ఆ సేవకులెవరూ ఉండరు.

మట్టి కాకపోతే మరేమిటన్న ప్రశ్నకు బోన్సాయ్ ప్రపంచం సాధారణంగా ఇచ్చే జవాబు అకడమా. జపాన్‌లోని తోచిగి ప్రాంతంలో అగ్నిపర్వత బూడిద నుంచి ఏర్పడిన ఎర్రటి బంకమట్టిని తవ్వి, ఆరబెట్టి, పలుకులుగా జల్లించి అమ్ముతారు. అదే ప్రాంతంలోని కనుమ పట్టణం పేరుతో దొరికే పసుపు రంగు ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత నురగరాయి) కొంత ఆమ్లగుణం కలది, సత్సుకి అజేలియాలనే పూల మొక్కలకు దాన్ని వాడతారు. అకడమా గొప్పతనం మూడు పనులు ఒక్కటే చేయడంలో ఉంది. ప్రతి పలుకూ లోపల నీటిని దాచుకుంటుంది, పలుకుల మధ్య గాలిని ఉంచుతుంది, పైగా బంకమట్టి గుణం పూర్తిగా పోనందువల్ల పోషకాలను పట్టి ఉంచి వేర్లకు అందిస్తుంది. ఆరినప్పుడు లేతగా, తడిసినప్పుడు ముదురుగా మారే దాని రంగు నీరు ఎప్పుడు పోయాలో చెబుతుంది. దాని లోపం మెత్తదనం. రెండు మూడేళ్లలో నలిగి నుసి అవుతుంది, చలిదేశాల్లో గడ్డకట్టి కరిగే చక్రాలకు ఇంకా త్వరగా నలుగుతుంది. జపాన్ వాళ్లు దాన్ని వాడడానికి మొదటి కారణం అది వాళ్ల ఊరి మట్టి కావడం. అమెరికాలోని ఒరెగాన్‌లో పెంచేవారికి అక్కడి ప్యూమిస్ దొరుకుతుంది, వాళ్లు దాన్ని వాడతారు. దక్కన్ పీఠభూమి పడమటి భాగమూ అగ్నిపర్వత శిలలతో ఏర్పడినదే గానీ, అక్కడ చల్లారింది ఎక్కువగా గట్టి నల్లరాయి. తేలికపాటి ప్యూమిస్ సంచుల్లో నింపి అమ్మేంతగా ఇక్కడ దొరకదు. ఓడలో వచ్చిన అకడమా ఖరీదు పెట్టగలిగినవారు పెట్టవచ్చు, కానీ అది లేకపోతే బోన్సాయ్ లేదన్న మాటకు ఆధారం లేదు.

ఇక్కడి నేలకు, ఇక్కడి జేబుకు తగిన ప్రత్యామ్నాయం ఇటుక. ఇటుక పలుకు అకడమాకు సమానమని కొందరు చెప్పేది మాత్రం సగమే నిజం. ఇటుక నీటిని దాచుకుంటుంది. ఇళ్లకు వాడే మామూలు ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదని భారతీయ ప్రమాణం చెబుతున్నదంటే, ఆ హద్దుకు దగ్గరగా పీల్చేవి బజారులో ఉన్నాయనే అర్థం. తాపీ మేస్త్రీ వద్దనే ఇటుకే చెట్టుకు కావలసినది కావడం ఇందులోని తమాషా. ఇటుక గాలినీ ఉంచుతుంది, తడిసినప్పుడు రంగు ముదురుతుంది, అకడమా కన్నా చాలా ఏళ్లు నిలుస్తుంది. మూడో పని మాత్రం అది చేయలేదు. బట్టీ వేడికి బంకమట్టి స్ఫటిక నిర్మాణం చెదిరిపోతుంది కాబట్టి పోషకాలను పట్టి ఉంచే శక్తి దాదాపు నశిస్తుంది. ఇటుక పలుకుల్లోనే చెట్టును పెట్టి, అకడమాలో వేసినట్టు ఎప్పుడో ఒకసారి ఎరువు వేస్తే చెట్టు ఆకలితో పాలిపోతుంది. ఇటుక వాడేవారు కొంత సేంద్రియ పదార్థమో, పోషకాలను పట్టి ఉంచే జియోలైటు ఖనిజమో కలపాలి, లేదా తక్కువ మోతాదులో తరచుగా పోషకాలు అందించాలి.

ఏ ఇటుక అన్నది కూడా చూసుకోవాలి. బట్టీ అంచున సరిగా కాలని ఇటుక చేతికి మెత్తగా ఉంటుంది, పగలగొట్టడం సులువు, అందుకే ఆశపడతారు. అది ఒక వానాకాలానికే తిరిగి మట్టి అవుతుంది. గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున వేళ్లతో నలిపితే నలిగే పలుకులను వదిలేయాలి. మరీ ఎక్కువ కాలి నల్లబడి గాజులా మెరిసే ఇటుక నీరు పీల్చదు, అదీ వద్దు. కూల్చిన పాత ఇంటి ఇటుకలకు సున్నమో సిమెంటో అంటుకుని ఉంటుంది, అది మిశ్రమాన్ని క్షారం వైపు లాగుతుంది. పలుకు మీద నిమ్మరసం పిండితే నురగ వస్తే సున్నం ఉన్నట్టే. ఇదే పరీక్షను కుండీ పైన అందానికి పరిచే రాళ్లకూ చేయాలి, ఎందుకంటే తాండూరు బండలు సున్నపురాయే, వాటి ముక్కలు ఆమ్ల నేల కోరే నూరువరహాలు, గార్డెనియా వంటి మొక్కలకు సరిపడవు.

నీరు తాగని పలుకులలో గ్రానైటు చిప్స్ అందరికీ అందుబాటులో ఉండేవి. అవి మిశ్రమానికి బరువు, నిలకడ ఇస్తాయి, మామూలు వాడకంలో నలగవు, పోషకాలను గానీ నీటిని గానీ దాచవు. గాలికి ఊగే పెద్ద చెట్టును నిలబెట్టడానికి బరువు మంచిదే. మేడ మీద పెంచేవారు మాత్రం శ్లాబు మోసే బరువును లెక్కలోకి తీసుకోక తప్పదు. రోబో శాండ్ కూడా గ్రానైటు నుంచి వచ్చినదే అయినా దానిలో క్రషర్ దుమ్ము ఎక్కువ, కడిగి జల్లిస్తే మిగిలేది తక్కువ. వేడికి పేలాల్లా ఉబ్బిన అగ్నిపర్వత గాజు పలుకు, పెర్లైట్, తేలికగా ఉండి గాలిని ఇస్తుంది కానీ భారీ వానకు తేలి పైకి వస్తుంది. హైడ్రోపోనిక్స్ (మట్టి లేని సాగు) కోసం అమ్మే కాల్చిన బంకమట్టి గోళీలు పళ్లెం లోతుకు మరీ పెద్దవి. పిల్లుల మలమూత్రాల కోసం అమ్మే బెంటోనైట్ (నీటికి ఉబ్బే బంకమట్టి) లిట్టర్‌ను చౌక అకడమాగా వాడబోయినవారికి మొదటి తడికే జిగురు ముద్ద మిగులుతుంది. ఆ ప్రయోగం చేయవలసిన అవసరం ఇక ఎవరికీ లేదు.

సేంద్రియ పదార్థాల్లో తెలుగు నేలకు సహజంగా దక్కింది కోనసీమ కొబ్బరి పొట్టు. అది ఎంత పూర్తిగా ఎండినా మళ్లీ తేలికగా నీరు తాగుతుంది, పీట్‌కు (చిత్తడి నేలల్లో సగం చివికిన నాచుకు) లేని సుగుణం ఇది. అయితే కొబ్బరి పీచులో సహజంగానే పొటాషియం, సోడియం లవణాలు ఉంటాయి. కడగకుండానే ఇటుకల్లా నొక్కి అమ్మే రకాన్ని నానబెట్టి, పిండి, ఆ నీటిని పారబోసి, మూడు నాలుగు సార్లు అలా చేశాకే వాడాలి. మెత్తని పొట్టు పళ్లెంలో స్పాంజిలా పనిచేసి తడి పొరను పెంచుతుంది. అందుకని బోన్సాయ్‌కి పీచుతో కూడిన కొబ్బరి చిప్స్, 5 మిల్లీమీటర్ల మేర కత్తిరించినవి, నయం. చివకని పశువుల ఎరువు, పచ్చి రంపపు పొట్టు, పచ్చి ఊక కుండీలో కుళ్లేటప్పుడు నత్రజనిని సూక్ష్మజీవులే తినేస్తాయి, చెట్టు పస్తులుంటుంది. బాగా చివికిన ఎరువు పోషకమే అయినా దాని రేణువులు సన్నవి, మన ఎండలకు ఏడాది రెండేళ్లలో సగం ఆవిరైపోయి మిగిలింది జిగటగా మారుతుంది. పళ్లెంలో అయిదో వంతుకు మించి సేంద్రియం ఉండకూడదన్న పాత నియమం ఈ అనుభవం నుంచి వచ్చిందే. రైసు మిల్లు బాయిలరు బూడిద క్షారగుణం కలది, పైగా మెత్తనిది, దాన్ని కుండీలో వేయడం కన్నా పొలానికి వదిలేయడం మంచిది.

సేంద్రియం తగ్గించినప్పుడు ఆహారం ఎక్కడి నుంచి రావాలన్నది సహజంగా వచ్చే సందేహం. జపాన్‌లో ఆవజాతి గింజల చెక్కను ఉండలుగా చేసి మట్టి పైన పెడతారు. ఇక్కడ ఆముదపు చెక్క, వేప చెక్క అదే పని చేస్తాయి. చెక్కను మట్టిలో కలిపితే అది సందులను పూడ్చుతుంది, పైన చిన్న పలచని గుడ్డ మూటలో పెడితే తడి పడిన ప్రతిసారీ కొద్దికొద్దిగా కిందికి దిగుతుంది. వేరుశనగ చెక్కకు చీమలు, ఎలుకలు వస్తాయి కాబట్టి డాబా మీద దాన్ని వాడకపోవడమే సుఖం.

ఇంతవరకూ చెప్పినదంతా పాటించి, జల్లించిన పలుకులు సిద్ధం చేసుకుని, మొదట చెప్పుకున్న జువ్వి మొక్కను ఒండ్రు ముద్దతో సహా వాటి మధ్యలో పెడితే మళ్లీ మొదటికే వస్తుంది. సన్న సందుల ముద్ద చుట్టూ పెద్ద సందుల పలుకులు ఉన్నప్పుడు నీరు ముద్దలోంచి బయటికి రాదు, కంకర పొర విషయంలో జరిగినదే ఇక్కడ అన్ని వైపులా జరుగుతుంది. వానాకాలంలో ముద్ద ఎప్పుడూ తడిగా ఉంటుంది. వేసవిలో ఒక్కసారి అది ఎండి గట్టిపడిందంటే పోసిన నీరు దాన్ని తాకకుండా చుట్టూ ఉన్న పలుకుల గుండా జారిపోతుంది, పైన చూసేవారికి అంతా తడిసినట్టే కనిపిస్తుంది. ముద్ద మధ్యలోకి ఒక సన్నని వెదురు పుల్లను గుచ్చి, పది నిమిషాల తరువాత తీసి చూస్తే నిజం తెలుస్తుంది. జువ్వి, రావి వంటివి వానలు మొదలయ్యే జూన్–జూలైలో నీటి ధారతో మట్టిని పూర్తిగా కడిగేసినా తట్టుకుంటాయి. నిమ్మ, మామిడి, దానిమ్మల విషయంలో అంత సాహసం కూడదు. ముద్దలో మూడో వంతో సగమో ఒక పక్క నుంచి తొలగించి, ఆ ఖాళీని పలుకులతో నింపి, మిగిలిన సగాన్ని తరువాతి మార్పిడికి వదలాలి. ఆ మార్పిడి దాకా నీటి విషయంలో పాత సగం చెప్పినట్టు వినాలి, కొత్త సగం చెప్పినట్టు కాదు.

మిశ్రమం ఎంత బాగున్నా బోరు నీరు దాన్ని నెమ్మదిగా మారుస్తుంది. హైదరాబాదుతో సహా గ్రానైటు నేలలున్న చాలా ప్రాంతాల్లో బోరు నీరు కఠిన జలంగా ఉండి బైకార్బనేట్లనే క్షార లవణాలను ఎక్కువగా మోసుకొస్తుంది. కుండీ అంచున, పలుకుల మీద ఏర్పడే తెల్లటి పెచ్చు దాని గుర్తు. పీహెచ్ (క్షారగుణం కొలత) పెరిగేకొద్దీ ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు. లేత ఆకుల ఈనెలు ఆకుపచ్చగానే ఉండి మధ్య భాగం పాలిపోతుంది. వేరుశనగ రైతుకు తెలిసిన మందే, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఐరన్ సల్ఫేటు), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయడం, ఇక్కడా ఆకును పచ్చబరుస్తుంది. కానీ తరువాత వచ్చే చిగురు మళ్లీ పాలిపోతుంది, ఎందుకంటే కారణం ఆకులో లేదు. నీరు పోసినప్పుడల్లా చిల్లు గుండా కొంత బయటికి పారేదాకా పోయడం, వాన నీటిని పట్టి వాడడం, పెచ్చు పేరుకున్న పై పొరను ఏడాదికోసారి తీసి కొత్త పలుకులు వేయడం లవణాలను తగ్గిస్తాయి. గాలి ఆడే ముతక మిశ్రమం ఈ కడుగుడుకు బాగా లొంగుతుంది, బంకమట్టి లొంగదు. మట్టి ఎంపికలో ఎవరూ అంతగా చెప్పుకోని లాభం ఇది.

తెలుగు ప్రాంతాల వాతావరణంలో ఏ మిశ్రమానికైనా రెండు విరుద్ధ పరీక్షలు ఉంటాయి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మేలో 45 డిగ్రీలు దాటే రోజుల్లో చిన్న పళ్లెం పొద్దున పోసిన నీటిని సాయంత్రానికి మిగల్చదు. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టినప్పుడు అదే పళ్లెం వారాల తరబడి ఆరదు. ఈ రెండింటిలో ఒకదానికి తగ్గట్టే మిశ్రమం చేయగలం. ముసురుకు తగ్గట్టు చేసి, వేసవిని చేతి శ్రమతో, నీడవలతో నెట్టుకురావడం సరైన పద్ధతని చెప్పవచ్చు, ఎందుకంటే ఎండకు వాడిన చెట్టుకు సాయంత్రం నీరు పోసి బతికించవచ్చు గానీ, కుళ్లిన వేరును బతికించే ఉపాయం లేదు. రోజుకు రెండు తడులు ఇవ్వలేని ఇంట్లో మిశ్రమాన్ని మెత్తగా చేయడం కన్నా కుండీని ఒక అంగుళం లోతుగా తీసుకోవడం మంచి సర్దుబాటు. ముసురు రోజుల్లో పళ్లెం ఒక చివర కింద ఇటుక ముక్క పెట్టి వాలుగా ఉంచితే నిలిచిన నీరు కొంత దిగిపోతుంది. స్పాంజిని తిప్పి పట్టుకున్నప్పుడు జరిగింది ఇదే. వేసవిలో కుండీని కాలిన శ్లాబు మీద నేరుగా పెట్టకపోవడం కూడా మట్టి విషయమే. వేర్ల దగ్గర వేడి 40 డిగ్రీలకు చేరితే చాలా జాతుల్లో కొత్త వేర్లు పెరగడం ఆగిపోతుంది.

ఇక పాళ్ల మాట. 5–6 సెంటీమీటర్ల పళ్లెంలో జువ్వికి 3–6 మిల్లీమీటర్ల ఇటుక పలుకులు ఆరు పాళ్లు, గ్రానైటు చిప్స్ రెండు, కొబ్బరి చిప్స్ లేదా ముతకగా జల్లించిన కంపోస్టు రెండు అన్నది నమ్మదగిన ఆరంభం. చింతకూ దాదాపు ఇదే సరిపోతుంది. బోగన్‌విలియాకు సేంద్రియాన్ని ఒక పాలుకు తగ్గించాలి. దుంపలో నీరు దాచుకునే అడేనియంకు ఇంకా తగ్గించవచ్చు, దాదాపుగా తీసేయవచ్చు. 35–40 సెంటీమీటర్ల లోతు కుండీలో నిమ్మకో దానిమ్మకో జల్లించిన ఎర్రమట్టి పదిలో మూడు పాళ్ల దాకా ఉండవచ్చు, అక్కడ లోతే మురుగును చూసుకుంటుంది. మిగిలినది ఇటుక పలుకులు, చివికిన ఎరువు సమానంగా పంచుకుంటాయి.

ఈ అంకెలను నమ్మేకన్నా కొలిచి చూడడం ఉత్తమం, దానికి ప్రయోగశాల అక్కరలేదు. వాడబోయే కుండీ చిల్లులను టేపుతో మూసి, మట్టి వచ్చే గీత వరకు నీరు పోసి ఆ నీటిని కొలవాలి. అది 1,500 మిల్లీలీటర్లు అనుకుందాం. తరువాత ఆ నీటిని పారబోసి, మిశ్రమాన్ని అదే గీత వరకు నింపి, నీరు పైకి కనిపించేదాకా మెల్లగా పోసి, ఒక గంట నాననిచ్చి, తగ్గినంత మళ్లీ పోయాలి. ఇప్పుడు కుండీని ఒక గిన్నె పైన ఎత్తి పట్టుకుని టేపు తీసేస్తే కారిన నీరు ఎంతో అంత చోటును గాలి ఆక్రమించినట్టు. 330 మిల్లీలీటర్లు కారితే గాలి పాలు 22 శాతం. పెద్ద కుండీ చెట్లకు 10 నుంచి 20 శాతం మధ్య ఉంటే చాలు, బోన్సాయ్ పళ్లేనికి 20 దాటితే నిశ్చింత. ఈ కొలతను వేరే లోతైన డబ్బాలో చేసి పళ్లేనికి అన్వయించడం పొరపాటు. ఒకే మిశ్రమం రెండు లోతుల్లో రెండు అంకెలు ఇస్తుంది.

మట్టి మార్చే సమయాన్ని కూడా ఇలాగే నీరే చెబుతుంది. కొత్తగా నాటినప్పుడు పోసిన నీరు క్షణాల్లో పలుకుల్లోకి మాయమవుతుంది. రెండో ఏడాదికి కొంచెం ఆలోచిస్తుంది. అది పైన చెరువులా నిలిచి అంచుల మీదుగా పొర్లడం మొదలైతే, వేర్లు సందులన్నీ నింపేశాయనో పలుకులు నుసి అయ్యాయనో అర్థం, రెండింటికీ పళ్లెం నుంచి చెట్టును తీయవలసిందే. అప్పుడు తీసిన పాత మిశ్రమాన్ని ఆరబెట్టి మళ్లీ అదే 3 మిల్లీమీటర్ల జల్లెడ పడితే ఇటుక, గ్రానైటు పలుకుల్లో చాలా భాగం పైన మిగులుతుంది. వేరు కుళ్లు కనిపించని కుండీవి అయితే వాటిని కడిగి, మే ఎండలో నాలుగు రోజులు పలచగా పరిచి, తిరిగి వాడుకోవచ్చు. కింద పడిన నుసిని పెరట్లో కరివేప మొదట్లో వేస్తే సరి.